ఆకలా, దప్పికా

చిట్టినగర్ సొరంగానికి పైన
మా ఇంటిచుట్టూ మట్టి లేదు.
పునాది తవ్విన రోజు గడ్డపార నోట్లోంచి
నిప్పురవ్వలొచ్చాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.
మెట్లు నూట అరవై రెండు.
గోనెసంచుల్లో మట్టి మోసే నడుము నాకు లేదు,
మొండితనం ఉంది.

డాబా మీద నాలుగంగుళాల పైపులు పరిచి
టీ గ్లాసు పట్టేటంత చిల్లులు పెట్టి
కొబ్బరిపీచులో గోంగూర గింజలు దాచాను.
"గోంగూరా? గొట్టంలోనా?"
కింది మెట్ల సింహాద్రమ్మ నవ్వింది,
ఇడ్లీపాత్ర ఆవిరి వెనకనుంచి.

ఆటోనగర్లో నా పని మోటార్లకు రాగితీగ చుట్టడం.
పొద్దున ఎనిమిదికి దిగితే దీపాలు పెట్టాకే ఎక్కుతాను.
ఈలోగా వాటికి ఆకలేస్తే?

పాతసామాన్ల మరియదాసు దగ్గర
కారు అద్దం మీద నీళ్ళు చిమ్మే బుల్లి పంపులు,
జత నూటయాభై.
ఒకటి ఏ సీసాకి, ఒకటి బీ సీసాకి.
ఈ రెండు మందులూ తోడికోడళ్ళు:
చిక్కగా ఎదురుపడితే అడుగున సున్నంలా పేరుకుంటాయి,
మధ్యన తొట్టెడు నీళ్ళుంటే
ఒకే కంచంలో తింటాయి.

మొదటి రాత్రి
రిలే టక్కుమంది. పంపు తిరిగింది. ఆగింది.
నేను పడుకున్నాను.
ఆగింది పంపు, ధార కాదు.
సీసా ఎత్తున ఉంది, తొట్టి పల్లాన ఉంది,
నేను రాసిన ప్రోగ్రాంతో నీళ్ళకేం పని?
తెల్లారేసరికి రెండు సీసాలూ ఖాళీ.
ఆకుల అంచులకు ఎవరో బీడీ అంటించినట్టుంది.
కాలిపోయిన మోటార్లను బతికించే చేత్తోనే
నలభై మొక్కలు పీకి పారేశాను.

లేత్ ఆపకుండానే ఖాజా అన్నాడు:
"పొయ్యడం ఎవడికైనా వచ్చు. ఆగడం నేర్పావా?"

సీసాల్ని తొట్టికంటే కిందికి దించాను.
గొట్టం కొస నీటిని తాకకుండా వేలాడదీశాను.
రెండు సెకన్లు పొయ్యి,
పావుగంట నోరుమూసుకుని కూర్చో,
కలిశాకే కొలువు అని
బోర్డులో రాశాను.
ఇంట్లో నాకెవరూ నేర్పని మర్యాద అది.

రోహిణి కార్తె వచ్చింది.
రోజూ దిగాల్సిన అంకె ఎక్కుతోంది.
ఒకటి ఎనిమిది. రెండు రెండు. రెండు ఆరు.
ఎవరూ పొయ్యలేదు, పంపులు నిద్రలో ఉన్నాయి.
మీటరు చెడిందని తిట్టి, కడిగి, తుడిచి
మళ్ళీ ముంచితే మళ్ళీ అదే.
సింహాద్రమ్మ నేను వద్దనేలోపే వేలు ముంచి
నాలుక్కి రాసుకుని, తుపుక్కున ఉమ్మి,
"ఎసరు మరిగిపోతే పులుసు ఉప్పెక్కిపోదేటే?
దానికి కూడొద్దు, మంచినీళ్ళు పొయ్యి" అంది.

నిజమే. మండుటెండలో ఆకు తాగుతుంది, తినదు.
అంకె తగ్గితే ఏం చెయ్యాలో చెప్పాను గానీ
పెరిగితే ఏం చెయ్యాలో
ఆ పిచ్చి బోర్డుకి నేను చెప్పనేలేదు.

మూడో పంపు కొన్నాను, ఒట్టి నీళ్ళకి.
తెల్లవారుజామున గంటసేపొచ్చే కుళాయి
నీలం డ్రమ్ములోకి పడుతున్నాను.

ఆ రాత్రి మెట్లన్నీ ఎక్కి వచ్చి
కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు.
లేచి, చెంబెడు నీళ్ళు తాగి,
పావుగంట ఆగి చూశాను.
తర్వాత తిన్నాను.

గోంగూర మొన్న కోతకొచ్చింది.
అరచేతులంత ఆకులు, ఒక్క పురుగు కాటు లేదు.
కట్టగట్టి కిందికి పంపితే
సాయంత్రానికి పచ్చడి గిన్నె పైకొచ్చింది,
మూతమీద సింహాద్రమ్మ మాటతో సహా:
"అందంగా ఉంది గాని పులుపే లేదు,
చింతపండు ఏసినాను."

పులుపుకి పంపు ఏ బండిలో ఉంటుందో
రేపు మరియదాసుని అడగాలి.