మైనం ముద్ద

"మన ఎండలకి ఇదెందుకని
పీకి పారేశాడన్నా దర్శిలో ఒకడు"
అన్నాను, అదేదో తెలివైన పనైనట్టు.

మీరావలి నవ్వలేదు.
ఆయిల్ మూత తిప్పి, లోపలి అంచు వేలితో గీకి
చూపించాడు. మీగడ రంగు మడ్డి.
"ఏడాదిగా నీ బండికి ఒంట్లో చలి.
బయట నలభై ఆరు. అయినా చలే."

పక్కనే సుబ్బరత్తమ్మ టీ బంకు.
తిడుతూనే ఆమె ఇచ్చిన సత్తు గిన్నెలో
నీళ్లు పోసి, స్టవ్వెక్కించి,
కొత్త థర్మోస్టాట్‌ని దారం కట్టి దించాడు
బావిలోకి చేద వదిలినట్టు.

నీళ్లు వెచ్చబడ్డాయి. అది కదల్లేదు.
ఆవిరి లేచింది. కదల్లేదు.
చీమకుర్తి రాళ్ల లారీ వాళ్లిద్దరు
గ్లాసులు పట్టుకునే వంగి చూస్తున్నారు.
ఇంకాసేపటికి మరుగుతాయనగా
ఎవరో లోపల్నించి గడియ తీసినట్టు
వెంట్రుకంత సందు.
తర్వాత చిటికెన వేలు దూరేంత.

"లోపలుండేది మైనం ముద్దే అబ్బాయ్.
అది కరిగేదాకా తలుపు తియ్యదు.
నీళ్లని ఇంజన్‌లోనే తిప్పుద్ది, కాగేదాకా.
కాగినాకే రేడియేటర్‌కి పంపుద్ది.
తెరుచుకోకపోతే హెడ్డు పగులుద్ది.
మూసుకోకపోతే, ఇదిగో, నీ బండి."

మూడొందల యాభై అన్నాడు. బేరం ఆడలేదు.

పొదిలి వదిలి
కొనకనమిట్ల దాటేసరికి
ముల్లు సగానికొచ్చి నిలబడింది.
ఏడాదిలో ఇదే మొదటిసారి.

వెనక సీట్లో కిరాయి మనిషి
ఏసీ పెంచమంటున్నాడు రెండోసారి.
నేనింకా ముల్లునే చూస్తున్నా.