తాలు

మొదటి షిఫ్టు ఆరింటికి.
బొబ్బిలి గ్రోత్ సెంటర్లో, మా రేకుల షెడ్డు ముందు
సైకిలుకి స్టాండు వేసేసరికే
గౌరునాయుడు ట్రే ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు.
"ఢిల్లీశ్వరీ, ఇదేటే? మళ్ళీ ఏడు."

ఏడు చుక్కలు.
ఆటో బ్యాటరీలో రాగికి నికెల్ పట్టీని అతికించే చుక్కలు,
ఒక్కోటి ఆవగింజంత.
పైకి ఏడూ నున్నగా మెరుస్తున్నాయి.
పట్టకారుతో లాగితే
ఎండిన బంకలా ఊడొచ్చాయి.

లేజరుది నాలుగు మిల్లీసెకన్ల పని.
రెప్ప సగం వాలేలోపే
లోహం కరిగి, మరిగి, తనలో తనే నుయ్యి తవ్వుకుని
తనే పూడ్చుకుంటుంది.
పూడ్చే తొందరలో
అడుగున కాస్త ఆవిరి చిక్కుకుపోతే
ఇక అక్కడే.
ఇంజినీర్లు పోరోసిటీ అంటారు.
మేం తాలు అంటాం.
ఊక ఉంటుంది, గింజ ఉండదు.

ఏడింటినీ అడ్డంగా కోసి
అరగదీసి, యాసిడ్‌తో తడిపి
మైక్రోస్కోపు కింద పెట్టాను.
ఒకదాన్లో గుండ్రటి ఖాళీ.
ఒకదాన్లో రెండు, కవలల్లా.
నాలుగోదాన్లో ఖాళీ లేదు, నడిమధ్య వెంట్రుకంత పగులు.
ఎంతసేపు చూశానో,
టీ మీద మీగడ కట్టేసింది.

పగులు తేలిగ్గానే దొరికింది.
వెలుగుని ఉన్నట్టుండి ఆపేస్తున్నాం,
కాలే మూకుడు మీద నీళ్ళు కొట్టినట్టు.
"సేదని మెల్లగా దించాల గానీ
తాడొగ్గేస్తే ఎలాగే" అన్నారు నాయుడు.
చివర ఇంకో రెండు మిల్లీసెకన్లు కలిపి
పవరుని వాలుగా దించాం.
పగుళ్ళు పోయాయి.
తాలు పోలేదు.

ఆర్గాన్ గొట్టం మార్చాం. అద్దం తుడిచాం.
ఫోకస్ కాస్త పైకి, కాస్త కిందికి.
ఆఖరికి నేరం రాగి మీద మోపాం.
దానిదో పొగరు,
వెలుగుని సగానికి పైగా మొహానే తిప్పికొడుతుంది.

ప్రతి చుక్కకీ తెర మీద ఒక గీత వస్తుంది.
మంచి చుక్క గీత
పార్వతీపురం వైపు కొండలా తాపీగా దిగుతుంది.
తాలు చుక్కది
మధ్యలో ఒకసారి ఉలిక్కిపడుతుంది. అంతే.
ఆ ఉలికిపాట్లని లెక్కల పుస్తకంలో రాయడం మొదలెట్టాను,
ఏ ట్రే, ఏ గంట, ఎవరు పేర్చారు.
పన్నెండు రోజులు.
అన్నీ పొద్దుటివే. ఆరు నుంచి ఏడున్నరలోపు.
పేర్చినవాళ్ళ గడిలో
ఢి. ఢి. ఢి. ఢి.
నా చేతిరాతే.

పొద్దున్నే తలకి కొబ్బరినూనె రాసి, జడేసుకుని
పారాది వంతెన దాటి వస్తాను.
చేతులు కడుక్కుంటాను. నిజంగానే కడుక్కుంటాను.
కానీ వంగి పట్టీలు పేర్చేటప్పుడు
చెంప మీద పడే వెంట్రుకని
వేలితో వెనక్కి తోస్తానట.
ఎదురు బెంచీ సన్యాసమ్మ చెప్పింది:
"గంటకి నలభైసార్లు తోస్తావు గదే అక్కా!"

కంటికి ఆనని వేలిముద్ర.
వెలుగు తగలగానే నూనె ఆవిరై
దారి దొరక్క
లోహంలో ఉండిపోయింది.
పన్నెండు రోజులు నేను వెతికింది
నన్నే.

ఒక రోజంతా ఎవరికీ చెప్పలేదు.
పుస్తకంలో అదీ రాశాను.
మర్నాడు చెప్తే నాయుడు తిట్టలేదు.
"పాపం, రాగిని ఎన్ని మాటలన్నాం" అన్నారు.

ఇప్పుడు తలకి గుడ్డ, వేళ్ళకి తొడుగులు,
ప్రతి పట్టీకీ స్పిరిట్‌లో ముంచిన దూది.
ట్రేకి ఒక మంచి చుక్కని కోసి చూస్తాం.
మంచిదని తేలేసరికి
అది ఎందుకూ పనికిరాదు.

నిన్న సాయంత్రం ఇంటికి వెళ్తుంటే
రామభద్రపురం నుంచి ఖాళీ కూరల బుట్టలతో
చప్పుడు లేని ఆటో ఒకటి ఎదురొచ్చింది.
వాన. పెద్ద గొయ్యి.
దభీమని పడింది, లేచింది, ఆగలేదు.
సైకిలు దిగి
అది మలుపు తిరిగేదాకా చూశాను.
తడిసిన వెంట్రుక చెంపకి అంటుకుంది,
చెయ్యి దానంతటదే పైకి లేచింది.

షిఫ్టు అయిపోయింది కదా,
పోనిచ్చాను.