ఎడమవైపు అరుగుదల

పార్సెల్ విప్పగానే ముందు వాసన చూస్తాడు
ఈనక్ డగ్‌మోర్.
గడ్డి, ఎండిన చొంగ, తోలుకు పట్టిన చెమట.
"నోట్లోంచి తీసి నేరుగా పోస్టులో వేశారు" అంటాడు.

వాల్సాల్‌లో కళ్ళేలు చేసే కొట్లు
ఇప్పుడు వేళ్ళమీద లెక్క.
సూపర్‌మార్కెట్లో బిల్లులు కొట్టడం మానేసి
నేనిక్కడ చేరి ఎనిమిది నెలలు.
గోళ్ళకింద మసి ఆదివారాలు కూడా పోదు.

ఉత్తరంలో నాలుగే ముక్కలు:
*బ్రాంబుల్ తల ఎగరేస్తోంది. మాట వినదు.
దీనికంటే గట్టిది చేసి పంపండి.
మిసెస్ ప్రోసర్, క్లన్.*

గట్టిదంటే ఏమిటో నాకు తెలుసనుకున్నాను.
గోడమేకులకు వేలాడేవాటిలో
అన్నిటికంటే బరువైనది చూపించాను.

ఆయన వాటిని ఒక్కొక్కటే దించి
నా మణికట్టు మీద పెట్టాడు,
లోపలివైపు, చర్మం పల్చగా ఉండేచోట.
"ముందుపళ్ళకీ దవడపళ్ళకీ నడుమ
పళ్ళు మొలవని జాగా ఉంటుంది గుర్రానికి.
ఎముక, దానిమీద ఒట్టి చిగురు.
మన పెత్తనమంతా ఆ కాస్త చోటులోనే."

మొదట స్నాఫిల్. నడుమ ఒకే కీలు.
పగ్గాలు బిగిస్తే రెండు కడ్డీలూ ముడుచుకుని
అడకత్తెరలో పోకచెక్క, నాలుక.
"దీన్ని మెత్తనిదంటారు.
లాగేవాడు మెత్తనివాడైతే."

తర్వాత రెండు కీళ్ళది, నడుమ రాగి గింజ.
రాగిని చప్పరిస్తే నోరూరుతుంది.
తడిసిన నోరు వింటుంది,
ఎండిన నోరు బిగుసుకుంటుంది.

తర్వాత కర్బ్. ఇది ఏతం జాతి:
పైన పొట్టి చెయ్యి, కింద పొడుగు చెయ్యి,
గడ్డం కింద గొలుసు.
చిటికెనవేలితో ఆయనిలా కదిపాడో లేదో
మోచెయ్యిదాకా జిల్లుమంది.
వేలి బరువుని హెచ్చవేసి
దవడకు అప్పజెబుతుంది అది.

నడుమ ఈ వంపెందుకని అడిగాను.
"నాలుక తలదాచుకోడానికి.
మరీ ఎత్తు చేశావో, వెళ్ళి అంగిలిని గుద్దుతుంది.
జాలి కూడా కొలతపెట్టి చెయ్యాలమ్మాయ్."

మధ్యాహ్నం శాండ్‌విచ్‌కి ముందు
తన కట్టుడుపళ్ళు తీసి కప్పులో వేశాడు.
కింది చిగురు మీద ఎర్రటి చార.
"పదకొండేళ్ళుగా కుదర్లేదు.
అలవాటవుతుందన్నాడు డాక్టరు.
నేను తల ఎగరెయ్యలేదు, అంతే."

అప్పుడు తీసుకున్నాడు
మిసెస్ ప్రోసర్ కళ్ళేన్ని దీపం కిందికి.
కుడి రింగు దూరే రంధ్రం
నిన్న తొలిచినంత గుండ్రంగా ఉంది.
ఎడమది కోడిగుడ్డులా సాగి
అంచు కత్తిలా తేరింది.

"ఈవిడ ఎడంచెయ్యి ఏదో మోస్తోంది."

ఏం మోస్తోందో ఆయనకు తెలీదు.
ఎప్పుడో విరిగిన భుజమో,
ఆ పక్కకి ఒకసారి పడ్డ భయమో.
ఇనుము అంతవరకే రాసిపెడుతుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
నోటి సంగతి సరే,
దాని చివర ఉన్న చెయ్యి మాటేమిటి?

జవాబు నాచేతే రాయించాడు:
*గట్టిది చెయ్యము. రంధ్రం సరిచేశాము.
ఆ అంచు పెదవి మూలను కోస్తోంది.
గుర్రం పళ్ళు చూసేవాళ్ళని పిలిపించండి.
ఈలోగా కడ్డీని మీ మణికట్టు మీద పెట్టుకుని
ఇంట్లో ఎవరినైనా లాగమనండి.*
చివరి వాక్యం వద్దన్నాను.
ఉంచమన్నాడు.

సాయంత్రం బస్సు కిక్కిరిసి ఉంది.
పైకడ్డీ పట్టుకు నిలబడ్డాను.
మలుపు దగ్గర గమనించాను,
పట్టుకోవడం లేదు నేను, వేలాడుతున్నాను.
ఒక్కొక్క వేలే వదులు చేశాను.
పడలేదు.

క్లన్ నుంచి ఉత్తరమేమీ రాలేదు.
మార్చిలో డబ్బొచ్చింది, పెన్నీ తక్కువ కాకుండా.
కవరుకు అంటించిన టేపు కింద
గోధుమరంగు జూలువెంట్రుక ఒకటి.