చలికాలం నూనె

నారిన్‌లో జనవరి పొద్దున
మిషను నాకంటే ఆలస్యంగా లేస్తుంది.
రాత్రి చలికి లోపలి నూనె
మైనంలా గడ్డకట్టి కూర్చుంటుంది.
అప్పుడు చక్రాన్ని బలవంతపెట్టకూడదు.
పొయ్యి పక్కకు జరిపి, నా టీ నేను తాగి,
రెండో పియాలా సగమయ్యాక
చక్రం మీద ఒక్క వేలు ఆనించి అడుగుతాను,
ఏం, లేచావా?

నాకు కుట్టడం రాదు.
ముప్పై ఏళ్లు కనుమదారిలో మంచు తోసే బండి నడిపినవాణ్ణి.
గుండీ ఊడితే పక్కింటి సైకాల్ దగ్గరికే పోతాను.
కానీ నూనె ఎక్కడ పడాలో తెలుసు.
పైన మూడు చుక్కలు, ముఖాన రెండు,
వెనక్కి వాల్చి కడుపు కింద ఐదు,
షటిల్ దగ్గర ఒక్కటంటే ఒక్కటి,
అదీ దారం తీశాకే.
ఎక్కువైతే గుడ్డకు మచ్చ.
తక్కువైతే ఇనుమే ఇనుమును తింటుంది.

పొదోల్స్క్ ఫ్యాక్టరీ సరుకు. నల్లటి ఒళ్లు, బంగారు తీగ.
గుడ్డ జారే చోట పూలన్నీ అరిగిపోయి
కాడలు మిగిలాయి.
మా అమ్మ రెండు గొర్రెలూ ఒక జీనూ ఇచ్చి కొన్నది.
జీను నాన్నది. ఆయన్ని అడగలేదు.
అమ్మ పేరు ఉల్బోల్సున్.
ఈసారైనా కొడుకు పుట్టాలని
కూతురికి పెట్టే పేరు అది.
రసీదు ఆ పేరు మీదే రాయించుకుంది.
నాన్న నెల్లాళ్లు ఉత్త గుర్రం మీద తిరిగాడు.
తర్వాత ఆమె కుట్టిచ్చిన మెత్త మీద కూర్చుని
ఏమీ అనలేదు.

దుకాణాల్లో ఏదీ దొరకని ఏడాది ఒకటి వచ్చింది.
మిషను కీచుమంటే
బాణలిలో మిగిలిన పొద్దుతిరుగుడు నూనె పోసింది అమ్మ.
వారం రోజులు హాయిగా తిరిగింది.
ఆ మీదట నూనె బంకై, లక్కై,
దవడ బిగిసినట్టు చక్రం బిగిసింది.
"ఆకలన్నదానికి అన్నమే పెట్టాను కదరా" అంది.
అలా బిగిసి ఉండగానే పోయింది.
ఆమె చివరి తెల్లగుడ్డను చేత్తోనే కుట్టారు.
ఆచారం అదే.
అయినా మూల నిలబడిన మిషను
తలవంచుకున్నట్టే అనిపించింది.

పదకొండు రోజులు కిరసనాయిలు పోశాను.
రోజూ వెంట్రుకవాసి కదిలేది,
పచ్చటి జిగురు కార్చేది.
ఇల్లంతా వాసన, రొట్టెలో కూడా.
పళ్ల కింద సూదిమొనతో గీకితే
అట్టకట్టిన నూగు పొరలు పొరలుగా వచ్చింది.
పైన కర్టెను పచ్చ,
నడుమ చెల్లెలి స్కూలు గౌను గోధుమరంగు,
అట్టడుగున ఎరుపు.
ఆ ఎరుపు ఎవరి పెళ్లిదో చెప్పేవాళ్లు లేరు.
పారెయ్యలేదు. అగ్గిపెట్టెలో ఉంది.

మొన్న ఆకులు రాలే రోజుల్లో
బిష్కెక్ నుంచి తిలెక్ అనే కుర్రాడు వచ్చాడు.
కాఫీ హోటలు కిటికీలో పెట్టుకుంటాడట.
"నడవకపోయినా పర్లేదు, పెద్దాయనా."
"నడుస్తుంది" అన్నాను.
"నడవక్కర్లేదు" అన్నాడు, మంచివాడే, ధర పెంచుతూ.
ఒక గొర్రె. రెండు గొర్రెలు.
జీను దాకా రాలేదు.
గుమ్మటంలాంటి చెక్కమూత తీసి చేతికిచ్చాను,
ఇత్తడి తాళంతో సహా.
చూడ్డానికేగా, ఇది తీసుకుపో.
కింద ఏముందని కాఫీ తాగేవాళ్లు అడుగుతారా?
తలగోక్కున్నాడు, డబ్బిచ్చాడు, పట్టుకుపోయాడు.

గురువారం సైకాల్ బట్టలమూటతో వచ్చి
మూతేదీ అంది.
ఉద్యోగానికి పట్నం వెళ్లిందన్నాను.
ఆమె నవ్వలేదు.
మరుసటి వారం ముక్కలన్నీ కలిపి కుట్టిన కురాక్ దుప్పటి
తెచ్చి దాని మీద కప్పింది.
ఇప్పుడు ఆమె కుడుతుంటే
పక్కగదిలో కళ్లు మూసుకుని వింటుంటాను,
కనుమ ఎక్కుతున్న ఇంజను విన్నట్టు.
కుట్టు జారేముందు ఒక చిన్న పొడిదగ్గు వస్తుంది.
ఆమెకు ఇంకా వినపడదు.

ఆగు, అంటాను.
ఒక్క చుక్క.