రాళ్లు ఏరిన మెట్ట

అడంగల్లో ఇప్పటికీ అది
సర్వే నెంబరు నూట పన్నెండు, మెట్ట, వర్షాధారం.
విమానం దిగినట్టు ఏ కాగితమూ ఒప్పుకోదు.

చీపురుపల్లి దాటాక, మాంగనీసు నల్లపొడి
కాళ్లకి అంటడం మొదలయ్యే చోట
ఎడంచేతి వైపు వెయ్యి గజాల తిన్నటి నేల.
మా వైపు నేల తిన్నగా ఉండదు.
అందుకే తెలిసిపోతుంది, ఎవరో చేసిందని.

చేసినవాళ్లలో మా అమ్మమ్మ సూరీడమ్మ ఉంది.
గని షావుకారు రోజుకి ముప్పావలా ఇచ్చి
నలభైమంది ఆడాళ్లని వరసగా కూర్చోబెట్టాడట.
పని, రాళ్లు ఏరడం.
గోరుకన్నా పెద్దది మిగలకూడదు.
"బియ్యవైనా అంత సుబ్బరంగా ఏరనేదు మావు" అనేది.
రెండు వేసవులు.
మొదటి విమానం దిగిన రోజు
ఊరంతా దాని రెక్కల్ని చూస్తే
ఆవిడ చక్రాల కింద నేలనే చూసిందట,
ఒక్క రాయైనా ఎగురుతుందేమోనని.

తాత పతివాడ గవరయ్య ఉద్యోగం మేకల్ని తోలడం.
తనవి కావు, ఊరివి.
ఆకాశంలో చప్పుడు వినపడగానే
కర్ర పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి పరుగు.
జీతాల పుస్తకంలో, ఆయన వేలిముద్ర పక్కన,
గ్రౌండ్ స్టాఫ్ అని రాసుండేది.
ఎవరో చదివి చెప్పారు.
చచ్చేదాకా ఆ రెండు మాటలూ తప్పు లేకుండా పలికాడు.

గాలి ఎటో చెప్పే గుడ్డ గొట్టం
రాజాం దర్జీ సుభానీ కుట్టాడు.
కొలత అడిగితే చొక్కా చెయ్యి చూపించారు,
"ఇలాటిదే, ఏనుగు తొడుక్కునేంత."
దొరగారి చెయ్యి అని దానికి పేరు పడిపోయింది.
పడమటికి చాస్తే సముద్రపు గాలి, వాన.
వేలాడితే ఉక్క.
దాన్ని చూసే కళ్లాల్లో చేటలు లేచేవి.
విమానాలకన్నా నువ్వులకే ఎక్కువ పనికొచ్చింది.

ఒక రాత్రి షావుకారు కోడలికి పురిటి కష్టం.
ఇంటికొకటి చొప్పున ముప్పై ఆరు లాంతర్లు
రెండు వరసల్లో పెట్టారు.
ఊరంతా చీకట్లో అన్నం తింది.
విమానం వచ్చింది, ఆవిణ్ణి ఎక్కించుకుపోయింది.
ఆ ఏడే అమ్మమ్మ చెల్లెలు గౌరి
అదే కష్టంతో ఎడ్లబండి మీద విజయనగరం బయల్దేరింది.
నెల్లిమర్ల దగ్గర బండి వెనక్కి తిప్పారు.
ఈ రెండూ కలిపి ఎవరూ నాకు చెప్పలేదు.
లాంతర్ల సంగతి తాత చెప్పాడు, నవ్వుతూ.
బండి సంగతి అమ్మమ్మ, వేరే ఏడాది, వేరే పనిలో ఉండి.

గని ఎందుకు మూసేశారో తలోమాట.
ఖనిజం అయిపోయిందని, అన్నదమ్ముల వాటాలని,
ఢిల్లీ నుంచి కాగితం రాలేదని.
చివరి విమానం లేచిన రోజూ
తాత మామూలుగానే పరిగెత్తాడు.
తర్వాత పదకొండు నెలలు
జీతం లేకుండా మేకల్ని తోలాడు.
పన్నెండో నెల తనే రెండు మేకల్ని కొని
అక్కడే మేపాడు.

దొరగారి చెయ్యి మా అమ్మకి బొంతయింది.
ఎర్రపట్టీ వెలిసి వెలిసి గోగుపువ్వు గుండెరంగు.
దాని కింద పడుకుంటే
ఓ పక్క ఎప్పుడూ కొంచెం చలి.

మొన్న వానలయ్యాక వెళ్లాను.
గోగు కట్టలు ఆరేశారు పొడుగునా,
ఎవరో కుర్రాడు వాళ్లక్కకి స్కూటీ నేర్పుతున్నాడు.
నేల రాళ్లని పైకి నెడుతోంది,
గోరుకన్నా పెద్దవి, చాలా.
ఒకటి తీశాను.
అంచుదాకా నడిచి
అవతల వేశాను.