పడవ పచ్చ

ప్రింటర్ అబద్ధమాడదు,
దానికొచ్చిన భాషలో అది నిజమే చెబుతోంది,
నీ కాగితానికే ఆ భాష రాదు
అంది స్టెయిన్‌వోర్, బడిలో బొమ్మలు నేర్పే మనిషి,
రంగులు కొలిచే యంత్రాన్ని నా చేతికి అరువిస్తూ.
"శుక్రవారానికల్లా తెచ్చియ్యి.
కింద పడేశావో, నీ రెండేళ్ల పింఛను గోవిందా."

ముప్పైయొక్క ఏళ్లు
కాడ్ చేప ముక్కల్ని వెలుగు బల్ల మీద పరిచి చూసినదాన్ని.
తెల్లటి కండలో దాక్కున్న పురుగు నీడనీ,
నిన్నటి చేపకీ మొన్నటి చేపకీ ఉన్న తేడానీ
వాసన చూడకుండా చెప్పినదాన్ని.
నాకు రంగు తెలియదని ఒక డబ్బా అంటే
ఊరుకుంటానా?

కావలసింది ఒక్క ఫొటో.
తమ్ముడు కేతిల్ పడవ, స్వాలా,
రేవులో చివరిసారి నిలబడ్డప్పటిది.
కోటా అమ్ముకున్న ఏడాదే దాన్ని ముక్కలు చేశారు.
పచ్చ పడవ.
పచ్చ అంటే ఏ పచ్చ?
ఏ దుకాణంలోనూ పేరు లేని పచ్చ.
రెండు డబ్బాల అడుగు మిగులు, కాస్త నలుపు,
ఇంకేదో పోసి కట్టెతో తిప్పేవాడు.
ఏమిట్రా అది అంటే
"ఉన్నది" అనేవాడు.

నా ప్రింటర్లోంచి అది నీలంగా దిగింది.
ఇంకోసారి, జబ్బుపడ్డ నాచులా.
మూడోసారి కేతిల్ చూసి
"ఎవరిదీ పడవ?" అన్నాడు.

అందుకే ఈ గళ్లు.
మూడు కాగితాల నిండా తొమ్మిది వందల పద్దెనిమిది.
దిద్దుబాట్లన్నీ ఆపేసి,
ప్రింటర్‌కి ఎవరూ సలహా చెప్పకుండా,
కడుపులో ఉన్నది కక్కనివ్వాలి.
ఆపైన ఒక రాత్రి ఆరనివ్వాలి.
తడి రంగూ తాగినవాడి మాటా
తెల్లారితే మారతాయి.

మర్నాడు వంటింటి బల్ల మీద
వరస వెంట వరస, యంత్రాన్ని ఇస్త్రీపెట్టెలా జరిపాను.
తొందరపడితే కీచుమంటుంది.
పదిహేడో వరసలో చెయ్యి వణికింది,
మళ్లీ మొదలు.
ప్రతి గడినీ అది అడిగేది ఒకటే,
నిన్ను ఏమవమన్నారు, నువ్వేమయ్యావు?
ఆ తేడాలన్నీ పోగేస్తే ఒక ఫైలు.
ప్రొఫైల్ అంటారట.
నాకైతే చాడీల చిట్టాలా ఉంది.

ఆ చిట్టా పెట్టుకుని అచ్చువేశాను.
బల్బు కింద చూస్తే మట్టి రంగు.
"బల్బు కింద తీర్పు చెప్పకు," ఫోన్లో అరిచింది స్టెయిన్‌వోర్,
"పగటి వెలుగులో చూడు. నా యంత్రమేదీ?"

పగటి వెలుగు!
జనవరిలో, ఈసాఫ్యోర్దుర్‌లో!
నవంబరు చివర కొండ వెనక్కి పోయిన సూర్యుడు
మా వీధి మొహం చూడలేదింకా.
పగలంటే నాలుగు గంటల నీలి మసక.
ఫొటోని సొరుగులో పెట్టాను, బోర్లా,
పదకొండు రోజులు.

సూర్యుడొచ్చిన రోజు ఊరంతా కాఫీ, పల్చటి అట్లు.
కేతిల్ పాత పని ప్యాంటుతోనే వచ్చాడు.
కిటికీ గూట్లో జానెడు ఎండ పడింది.
ఫొటో అందులో పెట్టాను.
చాలాసేపు చూశాడు, అట్టు నములుతూ.
"దగ్గరికొచ్చింది," అన్నాడు. "కానీ అది కాదు."

అప్పుడు కనపడింది నాకు,
అతని ఎడమ మోకాలి మీద
గట్టిపడిన పచ్చ మరక, వేలిగోరంత.
"కదలకు," అన్నాను.
యంత్రాన్ని మోకాలికి ఆనించాను,
తర్వాత ఫొటోలో పడవ పక్కకి.
తేడా ఒకటీ పాయింట్ ఆరు.
చేపలు చూసిన కన్ను కూడా పట్టలేనంత.

అంకె చదివి వినిపించాను.
కేతిల్ మోకాలివైపు చూసుకున్నాడు,
ఫొటోవైపు చూశాడు.
"అయితే ప్యాంటు వెలిసిపోయింది," అన్నాడు.

ఎండ గూటి అంచు దాటి గోడెక్కి పోయింది.
మరక మీద పంచదార రాలితే దులుపుకున్నాడు.
నేనింకేం అనలేదు.
వెళ్తూ వెళ్తూ ఆ ఫొటోని మాత్రం తీసుకుపోయాడు,
చుట్ట చుట్టకుండా, కవరు వద్దని,
మెట్ల మీది మంచులో, ఎదురుగాలిలో
రెండు చేతులా పట్టుకుని.