గైర్హాజరు

నా బోర్డు ఇంకా పైనే ఉంది, చిక్కడపల్లి మెయిన్ రోడ్డులో,
మూడో అంతస్తు గోడకి, రంగు రాలి.
నేను మాత్రం కింద ఇరానీ హోటల్లో కూర్చుంటాను,
వాష్‌బేసిన్ పక్క బల్ల.
నా క్లయింట్లు మెట్లెక్కలేరు.
మొయిన్ భాయ్ అడక్కుండానే చాయ్ పెట్టి
ఫైళ్ళు తడవకుండా బల్ల తుడుస్తాడు.

కుర్మయ్య మొదటిసారి ఇక్కడికే వచ్చాడు.
ఎప్పుడో పెళ్ళి బట్టలు కొన్న సంచీలో
తొమ్మిది ఎక్స్‌రేలు.
కిటికీకేసి ఒకటి పట్టుకుంటే
అతని ఛాతీలోంచి బస్సులు పోయాయి,
మంచు పట్టిన పొద్దున పోయినట్టు.

"టీబీ అన్నరమ్మా. మూడు కోర్సులు మింగిన.
టీబీ అయితే పోవాలె గద."
ఎర్రగడ్డలో ఒక చిన్న డాక్టరమ్మ మాత్రం
చీటీ వెనక పెన్సిలుతో రాసింది: ఏం పని చేసేవాడు?
నా కేసంతా ఆ ప్రశ్న మీదే నిలబడింది.

ఏం పని?
జీడిమెట్ల వెనక పలుగురాయి మిల్లు.
ఇటు రాయి పోస్తే అటు పిండి,
మైదా కన్నా మెత్తన, "సూస్తె ముద్దొస్తదమ్మా" అన్నాడు.
సద్దిలో పడేది, కనురెప్పల మీద పడేది.
రాత్రి ఇంటికెళ్తే
తాతెవరో వచ్చిండని చిన్నది దాక్కునేది.
పదకొండేళ్ళు.

కంపెనీ జవాబు ఒకటిన్నర పేజీ.
ఈ పేరుగలవాడు మా దగ్గర పని చేయలేదు.
చేసి ఉంటే కాంట్రాక్టరు మనిషి.
ఎవరి మనిషైనా బీడీలు తాగుతాడు.

చట్టం దగ్గరొక లెక్క ఉంది:
జీతంలో నూటికి అరవై, వయసును బట్టి ఒక గుణకం,
పోయిన శక్తి ఇంత శాతం.
వయసెంత అంటే ఆధార్ చూపించాడు. జనవరి ఒకటి.
వాళ్ళ తండా పక్క ఊరు ఊరంతా
జనవరి ఒకటినే పుట్టింది.
"పెద్ద గాలివాన నాడు పుడితినంట" అన్నాడు.
ఏ గాలివానో తేలితే గుణకం కాస్త పెరుగుతుంది.
లైబ్రరీలో పాత పేపర్లు తిప్పి గాలివానలు వెతికాను.
నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

శాతం కోసం గొట్టంలో ఊదమన్నారు.
ఊదాడు. ఇంకా అన్నారు. ఊదాడు.
కాగితం మీద గీత గుట్టెక్కబోయి
నడుమనే కూలబడింది.

వాయిదా నాడు
లిఫ్టుకి పాత కాగితమే అంటించి ఉంది: మరమ్మతులో.
నేను పైన హాల్లో. అతనూ అంతమ్మా కింద మొదలుపెట్టారు.
బంట్రోతు మూడుసార్లు పిలిచాడు,
గోనెల కుర్మయ్యా అని, చివర సాగదీసి.
మెట్ల మీదున్నాడు సార్, వస్తున్నాడు, అన్నాను.
కంపెనీ వకీలు గడియారం చూసుకున్నాడు.
మంచివాడే, మొన్న నాకు పెన్ను ఇచ్చాడు.
గైర్హాజరు అని రాసి
అధికారి తర్వాతి ఫైలు తీశాడు.

బయటికొచ్చి చూస్తే రెండో అంతస్తు మలుపులో
గోడకు తల ఆనించి కూర్చున్నాడు.
అంతమ్మ కొంగుతో విసురుతోంది.
"పిలిచిన్రు గదమ్మా, ఇన్న.
ఓ అన్న.
ఇనపడలేదా?"

ఆ రాత్రి పునరుద్ధరణ అర్జీ.
హాజరు కాకపోవడానికి కారణం అన్నచోట ఆగాను.
జ్వరం అని రాస్తాం, బస్సు తప్పిందని రాస్తాం,
ఇరవై ఏళ్ళుగా అవే, ఎవరూ చదవరు.
ఈసారి ఇలా రాశాను:
అర్జీదారు హాజరయ్యాడు.
పేరు పిలిచినప్పుడు ముప్పై ఎనిమిదో మెట్టు మీద
జవాబు చెప్పాడు.
ఆ జవాబు హాలు దాకా రావడానికి కావలసిన గాలి
ప్రతివాది దగ్గర ఉండిపోయింది.

చివరి వాక్యం కొట్టేశాను.
అది వాదన, కారణం కాదు.

తెల్లారి టైపిస్టు దయామణి
కొట్టేసింది కూడా కలిపి టైపు చేసి తెచ్చింది.
చూసుకోలేదో, చూసే చేసిందో, అడగలేదు.
మొయిన్ భాయ్ బల్ల తుడిచాడు.
మూడు కాపీల మీదా సంతకం పెట్టాను.